అమ్మ ఇంటి మీద గొడుగు: ఉచిత డిష్‌తో 11 ఏళ్లు

నూజివీడు దగ్గర మా ఊళ్లో మా ఇల్లు ఊరి చివర, మామిడితోటను ఆనుకుని ఉంటుంది. కేబుల్ వైరు మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. ఒక్క ఇంటి కోసం నాలుగు స్తంభాలు దాటించి లాగితే గిట్టుబాటు కాదన్నారు. అందుకని 2013 దాకా మాకు టీవీ అంటే వెదురుబొంగుకు కట్టి, కొండపల్లి టవరు వైపు తిప్పిన అల్యూమినియం యాంటెన్నానే. ఆ ఏడు సంక్రాంతికి వెళ్లినప్పుడు దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ పెట్టించాను. డిష్, పెట్టె (సెట్‌టాప్ బాక్స్), వైరు, బిగింపు కూలీ అన్నీ కలిపి 1,900 రూపాయలు అయింది. చందా పేరుతో ఈ రోజుకీ ఒక్క రూపాయి కట్టలేదు. ఉచితం అంటే ఖర్చే లేదని కాదు, ఆ లెక్క తర్వాత చెప్తాను.

దీన్ని ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటున్నారు. 2004 డిసెంబరులో 33 ఛానెళ్లతో మొదలైనప్పుడు పేరు డీడీ డైరెక్ట్ ప్లస్. మా డిష్ చూసే ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మొదట ఇన్సాట్-4బి, తర్వాత 2015 నవంబరులో ఎగిరిన జీశాట్-15. రెండూ ఒకే చోటి నుంచి ప్రసారం చేశాయి కాబట్టి ఉపగ్రహం మారినా డిష్ కదపాల్సిన పని పడలేదు. పెట్టెలో ఛానెళ్లను మళ్లీ వెతికిస్తే, అంటే స్కాన్ చేస్తే సరిపోయింది.

అనలాగ్ నుంచి, అంటే పాత యాంటెన్నా సిగ్నల్ నుంచి, డిజిటల్‌కు మారడమంటే చాలా దేశాల్లో టవరు అదే ఉండి, దాని నుంచి వచ్చే సిగ్నల్ మారడం. మన దగ్గరా 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో అలాంటి డిజిటల్ టవరు ప్రసారాలు మొదలుపెట్టారు. ఆ జాబితాలో హైదరాబాదే లేదు, ఇక నూజివీడు సంగతి చెప్పాలా! తర్వాత దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను విడతలవారీగా ఆపేస్తూ వచ్చింది. 2022 మార్చి నాటికి వ్యూహాత్మక ప్రాంతాల్లో ఓ యాభై మాత్రం ఉంచి మిగతావన్నీ మూసేయాలన్నది వాళ్ల ప్రణాళిక. అంటే మాలాంటి ఇళ్లకు డిజిటల్ యుగం టవరు మీంచి రాలేదు, ఆకాశం నుంచి ఊడిపడింది.

బొమ్మ గురించి చెప్పాలంటే మొదటిరోజే తేడా తెలిసింది. యాంటెన్నాలో మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా కనబడేవాడు, ఎండాకాలం గాలి తోలితే తెరంతా చుక్కలు. డిష్ పెట్టాక వార్తలు చదివేవాళ్ల చీర అంచు కూడా కనబడింది. కానీ పాతదానిలో ఒక మంచి గుణం ఉండేది, అది పోయాకే నాకు తెలిసింది. సిగ్నల్ సగమే ఉంటే బొమ్మా సగమే వచ్చేది, గొంతు మాత్రం వినబడేది. చుక్కల వెనకాల క్రికెట్ చూసి స్కోరు పట్టుకున్న రోజులున్నాయి. డిజిటల్ దగ్గర ఆ బేరం లేదు. ఒక హద్దు దాకా అద్దంలా ఉంటుంది, అది దాటగానే గళ్లుగళ్లుగా విరిగి, 'సిగ్నల్ లేదు' అని రాసి ఊరుకుంటుంది.

ఇక్కడ కొత్తవాళ్లు మోసపోయే సంగతొకటి ఉంది. సెట్టింగుల్లో రెండు పట్టీలు కనబడతాయి: స్ట్రెంగ్త్, క్వాలిటీ. డిష్ ఎటు తిరిగి ఉన్నా, వైరూ, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కొమ్మకు బిగించి సిగ్నల్ అందుకునే చిన్న బుడిపె) బాగుంటే చాలు, స్ట్రెంగ్త్ పట్టీ నిండుగా ఉంటుంది. మనకు కావలసింది క్వాలిటీ, అంటే ఉపగ్రహం సిగ్నల్ ఎంత శుభ్రంగా అందుతోందో చెప్పే పట్టీ. మొదటిసారి బిగించిన కుర్రాడు స్ట్రెంగ్త్ చూపించి డబ్బులు పుచ్చుకుని వెళ్లిపోయాడు, సాయంత్రానికి బొమ్మ పోయింది. మర్నాడు నేనే మేడెక్కి, ఆగ్నేయం వైపు డిష్‌ను వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ, కింద మా మేనకోడలు క్వాలిటీ అంకె అరుస్తుంటే బిగించుకున్నాను. మా ప్రాంతంలో ఉపగ్రహం చాలా ఎత్తులో, నేల నుంచి 65 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకే డిష్ ముఖం ఎదురింటి వైపు కాకుండా పైకి ఎత్తి ఉండాలి.

అన్నింటికన్నా కష్టం అమ్మకు రెండు రిమోట్లు అలవాటు చేయడం. పాత టీవీలో గుండ్రటి మీట తిప్పితే చాలు. ఇప్పుడు టీవీ ఆన్ చేయాలి, పెట్టె ఆన్ చేయాలి, టీవీ ఏవీ మోడ్‌లో, అంటే పెట్టె పంపే బొమ్మ చూపే మోడ్‌లో ఉండాలి. పొరపాటున టీవీ రిమోట్‌తో ఛానెల్ నొక్కితే తెర నీలంగా మారి అక్కడే ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి ఫోను: "ఒరే నాన్నా, టీవీ పోయిందిరా." పోయింది టీవీ కాదు. ఏవీ మీట మీద ఎర్ర బొట్టుబిళ్ల, పెట్టె రిమోట్ పవర్ మీట మీద ఆకుపచ్చ బొట్టుబిళ్ల అతికించాక ఫోన్లు తగ్గాయి. అప్పుడప్పుడూ ఛానెళ్ల వరస మారిపోతుంది, కొన్ని మాయమవుతాయి. మళ్లీ స్కాన్ చేయడం అమ్మకు నేర్పలేకపోయాను, పక్కింటి పదో తరగతి పిల్లాడు చేసిపెడతాడు.

కోతులు రెండేళ్లకోసారి డిష్ కదుపుతాయి. యాంటెన్నా మీద కోతి ఊగినా బొమ్మ కాస్త నీడపడేదే తప్ప పూర్తిగా పోయేది కాదు. డిష్ రెండు మూడు డిగ్రీలు జరిగితే చాలు, ఇల్లంతా చీకటే.

వాన సంగతి. ఈ డిష్ అందుకునే కేయూ బ్యాండ్ తరంగాలను పెద్ద చినుకులు మింగేస్తాయి. కుండపోత వస్తే పది పదిహేను నిమిషాలు సిగ్నల్ ఉండదు, ముసురు వానకు మాత్రం ఏమీ కాదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుందామని అమ్మ టీవీ పెట్టడం, ఉధృతంగా కురిసినప్పుడల్లా అది ఆరిపోవడం. చివరికి పాత ట్రాన్సిస్టర్ తీసి విజయవాడ ఆకాశవాణి పెట్టుకుంది. వార్తలు మరీ అవసరమైన గంటలోనే డిష్ చేతులెత్తేస్తుంది. రేడియో ఉన్నవాళ్లు పారేయకండి.

ఇక తెలుగు. ఇదే చాలామంది అడిగే ప్రశ్న. 2013లో మా పెట్టెలో తెలుగు అంటే ప్రధానంగా దూరదర్శన్ వాళ్ల సప్తగిరి. రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు ఛానెల్ యాదగిరి అయింది, విజయవాడ నుంచి వచ్చేది సప్తగిరి అయింది. అలా అమ్మకు ఒకటి పోయి రెండు వచ్చాయి! కానీ మనవాళ్లు ఎగబడి చూసే ప్రైవేటు సీరియళ్ల ఛానెళ్లు ఇందులో దొరుకుతాయని ఆశపడొద్దు. ఇక్కడ ప్రైవేటు ఛానెళ్లు వేలంలో స్లాటు (ఛానెల్‌కు చోటు) కొనుక్కుని వస్తాయి, ఆ డబ్బు ప్రకటనల్లో రాబట్టుకోవాలి. ఉచిత డిష్‌లు ఎక్కువగా ఉన్నది హిందీ రాష్ట్రాల్లో కాబట్టి స్లాట్ల పోటీ కూడా హిందీదే. మన పెద్ద ఛానెళ్లు చందా మీద బతికేవి, వాటికి ఉచితంగా రావలసిన అవసరం లేదు. మా అత్తయ్య ఇది చూసి, "ఇదేం టీవీ, నా సీరియల్ లేదు" అని మర్నాడే కేబులున్న తన ఇంటికి వెళ్లిపోయింది. అమ్మకు వ్యవసాయ కార్యక్రమాలు, పాత పాటలు, వార్తలు చాలు. 2020లో బడులు మూసినప్పుడు మాత్రం ఈ పెట్టె విలువ వీధి వీధికీ తెలిసింది. సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వస్తుంటే, ఫోన్లు లేని ముగ్గురు పిల్లలు మా వరండాలో కూర్చుని రాసుకున్నారు.

లెక్క చెప్తానన్నాను కదా. కరెంటు హెచ్చుతగ్గులకు అడాప్టరు రెండుసార్లు కాలింది. నీళ్లు దిగి ఎల్‌ఎన్‌బీ ఒకసారి పాడైంది, విప్పితే లోపల కందిరీగల గూడు. మొదటి పెట్టె ఎంపెగ్-2ది, అంటే బొమ్మను కుదించి పంపే పాత పద్ధతిది. కొత్త పద్ధతిలో వచ్చిన ఎంపెగ్-4 ఛానెళ్లు అందులో తెరుచుకోవు. 2019లో పెట్టె మార్చాను. అన్నీ కలిపి 11 ఏళ్లలో సుమారు 2,600 మరమ్మతులు, మొదటి 1,900 వేరే. కేబుల్‌కైతే 2019లో వచ్చిన ధరల ప్రకారం నూరు ఛానెళ్లకు నెలకు 130 ఉండేది, దానిపై పన్ను, చందా ఛానెళ్ల ధర అదనం. నేను పెట్టింది మూడేళ్ల కేబుల్ అద్దెకు కూడా సరిపోదు.

పెద్దవాళ్లు ఒక్కరే ఉండే ఇంటికి, కేబుల్ చేరని ఇంటికి, పొలం దగ్గర షెడ్డుకు కళ్లు మూసుకుని పెట్టించుకోవచ్చు. సీరియళ్లు కావాలంటే వద్దు. కొనేటప్పుడు ఎంపెగ్-4 పెట్టే అడగండి. వైరు చివరి కనెక్టరుకు మైనం గానీ టేపు గానీ చుట్టించండి.

ఈ వేసవి నుంచి మా సమస్య కొబ్బరిచెట్టు. 2013లో ఆగ్నేయం మూల మోకాలెత్తున్న మొక్క ఇప్పుడు మేడ దాటి డిష్‌కు అడ్డంగా నిలబడింది. గాలికి మట్ట ఊగితే బొమ్మా ఊగి ఆగుతోంది. కొట్టించేద్దామంటే అమ్మ, "కాయ కాస్తోందిరా, టీవీ కాస్తుందా?" అంది. వచ్చే నెల డిష్‌ను గొడ్లపాక మీదికి మార్పిస్తున్నాను. ఇరవై మీటర్ల వైరు తెచ్చిపెట్టాను, మధ్యలో అతుకు లేకుండా.