త్రీడీ పెన్నుతో సమఘనం: లెక్కల క్లాసుకు ఎంతవరకు పనికొస్తుంది?

త్రీడీ పెన్ను అంటే ప్లాస్టిక్ తీగను కరిగించి గీతగా వదిలే పెన్ను. వీటిలో ప్రధానంగా రెండు రకాలు. పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ తీగతో నడిచేవి సుమారు 180 నుంచి 220 డిగ్రీల వేడిలో పనిచేస్తాయి. గీత గట్టిగా వస్తుంది కానీ ములికి తగిలితే వేలు కాలుతుంది. పీసీఎల్ అనే మరో ప్లాస్టిక్ తీగ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. క్లాసుకు కొనాల్సింది ఈ రెండో రకమే. ఇందులో పొరపాటున పీఎల్‌ఏ పెడితే కరగక లోపల ఇరుక్కుంటుంది. రెండు తీగలూ 1.75 మి.మీ. మందంలో దొరుకుతాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. డబ్బాల మీద పేర్లు రాసి పెట్టండి.

మొదట 5 సెం.మీ. అంచున్న సమఘనం చేయించండి. గళ్ల కాగితం మీద పారదర్శక సిలికాన్ షీటు పరిచి రెండు చదరాలు, నాలుగు విడి కడ్డీలు గీసి, గట్టిపడ్డాక మూలల్లో అతికించాలి. గాలిలో నిలువుగా గీయాలని అందరికీ సరదానే, కానీ పీసీఎల్ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి గీత వాలిపోతుంది. గీత మందం తీగంతే ఉంటే 12 అంచులకు 60 సెం.మీ. తీగ పడుతుంది. మందం సగమైతే 15 చాలు. ఎందుకో పిల్లల్నే చెప్పమనండి.

అసలు పాఠం ఆ తర్వాతే ఉంది. సమఘనాన్ని వేలితో తోస్తే పక్కకు ఒరుగుతుంది. అతుకు బాగా లేదనుకుని పిల్లలు మూలల్లో ఇంకా ప్లాస్టిక్ పోస్తారు. దాంతో పెద్దగా ప్రయోజనం ఉండదు, చదరం స్వభావమే అంత. శీర్షాల (మూలల) సంఖ్యను 3తో గుణించి 6 తీసేస్తే, ఆకారం కదలకుండా ఉండటానికి కావలసిన కనీస కడ్డీల లెక్క వస్తుంది. 8 శీర్షాలకు 18 కావాలి, ఉన్నవి 12. ముఖానికొక కర్ణం (ఎదురెదురు మూలలను కలిపే కడ్డీ) వేస్తే మిగతా ఆరూ వచ్చేస్తాయి. ఆ కర్ణాలన్నీ నాలుగు శీర్షాల దగ్గరే కలిసేలా వేరే రంగులో వేయించండి, లోపల సమచతుర్ముఖి (నాలుగు సమబాహు త్రిభుజాల ఆకారం) బయటపడుతుంది. ఐసోమెట్రిక్ చుక్కల కాగితం మీద ఇది ఇంత తేటగా కనిపించదు, సమఘనం ముందు మూలా వెనక మూలా అక్కడ ఒకే చుక్క మీద పడతాయి.

కర్ణాన్ని 7.07 సెం.మీ.కు ముందే గీసి పెట్టుకోవద్దు. చేతి గీతలో ఒకటి రెండు మి.మీ. తేడా మామూలే, కాబట్టి ఖాళీని కొలిచి కత్తిరించడమే మంచిది. పైథాగరస్ సిద్ధాంతాన్ని కొలిచి చూపడానికీ ఇది పనికిరాదు. గోళాలూ శంకువులూ చేయించాలంటే మట్టి ముద్దే నయం.