మస్టాంగ్ పుట్టుపూర్వోత్తరాలు: మార్టీ రిపోర్టు ఎక్కడిదాకా తోడొస్తుంది

పొలం కొనేముందు ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటే తిరగేయడం మనకు అలవాటు. అమెరికాలో పాత మజిల్ కారుకి, అంటే పెద్ద ఇంజిన్ బిగించి వేగం కోసం చేసిన కారుకి, ఈసీ లాంటిది లేదు. 1969 ఫోర్డ్ మస్టాంగ్ ఎవరి చేతిలో ఎన్నాళ్లుందో ఒక్క దరఖాస్తుతో చెప్పే ఆఫీసు ఎక్కడా లేదు. కార్‌ఫాక్స్ లాంటి కారు చరిత్ర సర్వీసులు 1981 నుంచి వచ్చిన 17 అక్షరాల ఛాసిస్ నంబర్లకే పనికొస్తాయి. అంతకు ముందు కార్ల విషయంలో మొదటి మెట్టుగా అందరూ తెప్పించేది మార్టీ రిపోర్టు, అంటే ఫోర్డ్ ఫ్యాక్టరీ వివరాల నుంచి తీసి ఇచ్చే కాగితం. ఏళ్ల తరబడి 428 కోబ్రా జెట్ (428 ఘనపు అంగుళాల ఫోర్డ్ ఇంజిన్) కార్ల కాగితాలు సరిచూడటంలో దాన్ని వాడాక తేలిన మంచిచెడులు ఇవి.

అరిజోనాలోని మార్టీ ఆటో వర్క్స్ దగ్గర ఫోర్డ్ కంపెనీ ఉత్పత్తి వివరాల డేటా లైసెన్సుతో ఉంది. అది 1967 మోడళ్ల నుంచి మొదలవుతుంది. 1965, 66 కార్లకు అందులో ఏమీ దొరకదు. స్టాండర్డ్, డీలక్స్, ఎలైట్ అని మూడు రకాల రిపోర్టులు ఇస్తారు. చరిత్ర తవ్వడానికి డీలక్స్ తీసుకోవాలి. ఆర్డరు అందిన తేదీ, కారు తయారైన తేదీ, అమ్ముడైన తేదీ, డీలరు పేరు ఒకచోట కనిపిస్తాయి. ఎలైట్ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది.

9F02R అని మొదలయ్యే ఛాసిస్ నంబరు చూడండి. 9 అంటే 1969, F అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ (R శాన్ హోసే, T మెటచెన్), 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ, చివరి R అంటే ర్యామ్ ఎయిర్ (బయటి గాలిని నేరుగా ఇంజిన్‌కి పంపే ఏర్పాటు) ఉన్న 428 కోబ్రా జెట్. Q ఉంటే అదే ఇంజిన్, ర్యామ్ ఎయిర్ లేకుండా. నంబరు చెప్పేది ఇంతే. సూపర్ కోబ్రా జెట్ (రేసుకి తట్టుకునేలా గట్టిపరిచిన రకం) అవునా కాదా అన్నది ఈ నంబరులో ఉండదు, బేరమంతా నడిచేది మాత్రం దాని మీదే. దాన్ని తెచ్చే డ్రాగ్ ప్యాక్ ఆప్షన్ తీసుకున్న కారుకి వెనక యాక్సిల్ కోడ్ V (గేర్ నిష్పత్తి 3.91) గానీ W (4.30) గానీ ఉంటుంది, దాంతోపాటే రేడియేటర్ ముందు ఆయిల్ కూలర్, ఇంజిన్ లోపల క్యాప్ స్క్రూ రకం కనెక్టింగ్ రాడ్లు వచ్చేవి. రిపోర్టులో యాక్సిల్ వరస చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. డోర్ మీది రేకు పలకలో కూడా ఈ కోడ్ ఉంటుంది గానీ దాన్ని నమ్మొద్దు. కొత్త పలకలు కోరిన కోడ్లతో కొట్టించుకోవచ్చు, మార్టీ వాళ్లే అమ్ముతారు.

రిపోర్టు ఎక్కువగా ఆదుకునేది అబద్ధం పట్టుకునేటప్పుడు. రేసు కథల్లో తేదీలు ఎప్పుడూ కాస్త ముందుకు జరుగుతుంటాయి. 1968 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ డ్రాగ్ రేసుల్లో (తిన్నటి దారి మీద జంటగా పరిగెత్తే పోటీలు) కోబ్రా జెట్లు దిగి, సూపర్ స్టాక్ ఎలిమినేటర్ టైటిల్‌ను ఆల్ జోనియెక్ గెలిచాడు. అక్కడికి వెళ్లినవి డ్రాగ్ రేసింగ్ కోసం ముందుగా కట్టిన తెల్లటి మస్టాంగ్‌ల కోవలోవి. మామూలు కొనుగోలుదారులకు కోబ్రా జెట్ ఆ ఏడాది ఏప్రిల్‌లోగానీ రాలేదు. కాబట్టి ‘మా కారు పొమోనాలో పరిగెత్తింది’ అన్నవాళ్ల రిపోర్టులో ఉత్పత్తి తేదీ మే నెలదైతే ఇంక ఫొటోలు వెతకనక్కర్లేదు. అమ్ముడైన తేదీ విషయంలో ఇంత గట్టిగా మాట్లాడలేం. తయారైన ఏడెనిమిది నెలలకు అమ్ముడైందంటే డీలరే రేసుల్లో తిప్పి ఉండొచ్చు, గిరాకీ లేక షెడ్డులోనే పడి ఉండొచ్చు. రిపోర్టు రెండింటికీ ఒకే తేదీ వేస్తుంది.

పెద్ద లోపం ఒకటుంది. రిపోర్టు చెప్పేది నంబరు గురించి, ఎదురుగా ఉన్న ఇనుము గురించి కాదు. నంబరు తెలిసిన ఎవరైనా దాన్ని తెప్పించుకోవచ్చు. కుళ్లిపోయిన R కోడ్ కారు డ్యాష్ మీది నంబరు పలకను ఆరు సిలిండర్ల మామూలు బాడీకి దిగ్గొట్టి, పక్కన అసలు మార్టీ రిపోర్టు పెట్టి అమ్మితే కాగితంలో అక్షరం కూడా తప్పుండదు. అందుకే రిపోర్టు చేతిలో పట్టుకుని బానెట్ ఎత్తాలి. 1969 కార్లకు నంబరు ఇంజిన్ గదికి రెండు పక్కలా ఉన్న ఏప్రన్ రేకుల మీద కూడా కొట్టి ఉంటుంది. ఫెండర్ బోల్టులు వదులు చేసి అంచు కాస్త పైకి లేపితేగానీ కనిపించదు. రెండు పక్కలా చూడాలి, ఎందుకంటే యాక్సిడెంట్ అయిన కారుకి ఒక పక్క ఏప్రన్ మార్చి ఉండటం మామూలే, అందులో దోషం లేదు. రెండు పక్కలా లేకపోతే మాత్రం బేరం ఆపేయాలి. నాలుగు గేర్ల కోబ్రా జెట్ అయితే వెనక షాక్ అబ్జార్బర్లు ఒకటి యాక్సిల్‌కి ముందు, ఒకటి వెనక ఉంటాయి. వాటి కోసం ఫ్యాక్టరీలో పెట్టిన బ్రాకెట్ జాడ ఫ్లోర్ కింద ఉందో లేదో టార్చి వేసి చూడండి. పలక మార్చేవాళ్లు అంతదాకా ఆలోచించరు.

ఇంజిన్ సంగతికొస్తే, బ్లాక్ వెనకవైపు, గేర్‌బాక్స్ మీద నంబరు చివరి భాగం కొట్టి ఉంటుంది. పోత తేదీ కూడా చదవాలి. ఫోర్డ్ నెలలకు A నుంచి M దాకా అక్షరాలు వాడింది, I వదిలేసింది. 8L12 అంటే 1968 నవంబర్ 12. పోత తేదీ రిపోర్టులోని ఉత్పత్తి తేదీ కంటే ముందే ఉండాలి, మరీ ఏడాది ముందు కూడా కాకూడదు.

రేసు కారు దగ్గర ఇదే లెక్క బోల్తా కొట్టిస్తుంది. అయిదేళ్లు డ్రాగ్ స్ట్రిప్ (రేసు దారి) మీద బతికిన కారులో ఫ్యాక్టరీ ఇంజిన్ అలాగే ఉందంటే మొదట అనుమానం రావాలి. రాడ్లు విరిగి, బ్లాకులు పగిలి, వేసవికి ఒక ఇంజిన్ చొప్పున మార్చిన రోజులవి. నంబర్లన్నీ కలిసే ఇంజిన్‌నీ, వరసగా రేసు చరిత్రనీ ఒకే కారుకి కట్టబెడుతుంటే రెండింట్లో ఒకటి కథే అయ్యుండాలి. రేసు కారుకి గుర్తింపు బాడీ గుల్లే. ఇంజిన్ పోయిందని ధర తగ్గించమనేవాళ్లకు ఈ విషయం తెలియకపోతే మంచి కారు చేజారుతుంది.

డీలరు తర్వాత ఎవరు కొన్నారన్నది రిపోర్టులో ఉండదు. అక్కడి నుంచి గొలుసు మనమే అల్లుకోవాలి, రెండు కొసల నుంచి. ఇటు ఇప్పటి ఓనరు నుంచి వెనక్కి, అటు డీలరు నుంచి ముందుకి. రాష్ట్ర మోటారు వాహనాల శాఖను టైటిల్ (యాజమాన్య పత్రం) హిస్టరీ అడగొచ్చు. కానీ 1994 నాటి డ్రైవర్ ప్రైవసీ చట్టం వల్ల పేర్లు నల్ల గీతలు కొట్టి వస్తాయి, చాలా రాష్ట్రాలు పాత రికార్డులు ఉంచనే ఉంచవు. వచ్చిన దాంట్లో పేర్ల కంటే తేదీలు, కౌంటీలు ముఖ్యం. ఫలానా కౌంటీలో 1974లో చేతులు మారిందని తెలిస్తే ఆ ఊరి పాత పేపర్ల క్లాసిఫైడ్ ప్రకటనలు ఏ నెలవి తిప్పాలో తెలుస్తుంది. రేసుకే కొన్న కార్లకు కొన్నిసార్లు టైటిలే ఉండదు. డీలరు ఇచ్చిన ఎంఎస్‌ఓ కాగితం (కొత్త కారుకి కంపెనీ నుంచి వచ్చే పుట్టుక పత్రం), దాని వెనక బిల్ ఆఫ్ సేల్ చీటీలు, అంతే. మధ్యలో టైటిల్ లేకుండానే రిజిస్టర్ చేసిన కాగితం వచ్చిందంటే గొలుసు అక్కడ తెగి, మళ్లీ మొదలైందని లెక్క.

పాత ఓనరు దొరికితే ఫోన్ కంటే ఉత్తరం నయం. లోపల స్టాంపు అంటించిన కవరు పెట్టాలి. ‘కారు ఎర్ర రంగేనా’ అని అడగకూడదు, ‘అమ్మినప్పుడు ఏ రంగులో ఉండేది’ అని అడగాలి. మొదటి ప్రశ్నకు ఎనభై ఏళ్ల పెద్దాయన అవుననే అంటాడు, పాపం, మీ ఉత్సాహం చూసి. ఆయన చెప్పింది నోటరీ చేయించాలి. పాత ఫొటో ఇస్తే వెనక సంతకం పెట్టించుకోవాలి. అప్పటి ప్రింట్ల అంచు మీద, కొడాక్ స్లయిడ్ల అట్ట మీద డెవలప్ చేసిన నెల, ఏడాది ముద్రించి ఉండేవి. నోటి మాట కంటే అది గట్టి సాక్ష్యం. అయితే అది ఫొటో కడిగిన నెల, తీసిన నెల కాదు.

స్ట్రిప్ ఫొటోలో కిటికీ అద్దం మీద రాసిన క్లాసు చదవండి. సూపర్ స్టాక్‌లో SS/E అంటే చేతి గేరు, SS/EA అంటే ఆటోమేటిక్. రిపోర్టులో నాలుగు గేర్ల కారు అని ఉండి ఫొటోలో చివర A ఉందంటే, తర్వాత గేర్‌బాక్స్ మార్చారు, లేదా ఆ కారు ఇది కాదు. క్లాసుని కారు బరువుని హార్స్‌పవర్‌తో భాగించి నిర్ణయించేవారు. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌ను 335 అని ప్రకటిస్తే డ్రాగ్ రేసులు నడిపే సంఘం ఎన్‌హెచ్ఆర్ఏ తన లెక్క తాను వేసుకుని దాన్ని సవరించేది. అందుకే ఒకే కారు వేర్వేరు ఏళ్లలో వేర్వేరు అక్షరాలతో కనిపించడం తప్పు కాదు, పైగా ఫొటో ఏ ఏడాదిదో పట్టిస్తుంది. పోటీ నంబరులో మొదటి అంకె సాధారణంగా ఆ సంఘపు ప్రాంతీయ డివిజన్‌ది: 4 అయితే టెక్సస్ ఉన్న సౌత్ సెంట్రల్, 7 అయితే కాలిఫోర్నియా వైపు.

ఇనుము మీద కూడా రేసు గుర్తులు మిగులుతాయి. రోల్ బార్ (బోల్తాపడితే డ్రైవరుని కాపాడే గొట్టం) తీసేసినా ఫ్లోర్‌లో నాలుగేసి రంధ్రాల గుంపులు పూడ్చినట్టు తెలుస్తాయి. విడి ఫ్రేమ్ లేని కార్లకు రూలు ప్రకారం ఆరంగుళాల చదరపు ఉక్కు ప్లేట్లు పైనా కిందా పెట్టి నాలుగు బోల్టులు బిగించాలి. లాగుడు బార్ కోసం ముందు బంపర్ వెనక అతికిన చెవులు, చక్రాల పైఅంచు కోసి మడిచిన చోట పుట్టీ, డ్రాగ్ టైర్లకు దారిచ్చేందుకు సుత్తితో లోపలికి కొట్టిన రేకు కూడా చూడాలి. తలుపు మీద రాసిన పేరు ఎన్ని పూతల రంగు వేసినా పూర్తిగా చావదు. సాయంత్రం ఏటవాలు వెలుతురులో చూసి, అనుమానం ఉన్నచోట రెండంగుళాల మేర 600 నంబరు గరుకు కాగితంతో తడిపి మెల్లగా రుద్దితే పొర కింద అక్షరం అంచు తేలుతుంది. 220తో మొదలుపెడితే సాక్ష్యం నీళ్లలో కొట్టుకుపోతుంది. అక్షరం తేలిన వెంటనే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, పాత ఫొటోలో తలుపు హ్యాండిల్ నుంచి ఆ అక్షరానికి ఉన్న దూరంతో పోల్చాలి.

మిగతా కంపెనీల సంగతి క్లుప్తంగా. పాంటియాక్ కార్లకు పీహెచ్ఎస్ అనే రికార్డుల సర్వీసు ఉంది, 1961 నుంచి 1986 దాకా ఫ్యాక్టరీ ఇన్‌వాయిస్ కాపీలే ఇస్తుంది. నా లెక్కలో మార్టీ కంటే ఒక మెట్టు పైన, ఎందుకంటే అది తర్వాత అచ్చేసిన రిపోర్టు కాదు, అప్పటి కాగితమే. 1964, 65 జీటీఓలకు అది తప్పనిసరి, అప్పుడు జీటీఓ అంటే లెమాన్స్ మీద తీసుకునే ఆప్షన్, నంబరు చూసి చెప్పలేం. షెవర్లేది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. 1969 కమారో నంబరులో ఆరు సిలిండర్లా ఎనిమిదా అన్నంతవరకే తెలుస్తుంది. కెనడాలో అమ్ముడైన కారైతే జీఎం కెనడా నుంచి కాగితం వస్తుంది. అమెరికాలో అమ్ముడైన కారుకి పెట్రోల్ ట్యాంకు మీదా సీటు స్ప్రింగుల్లోనూ ఇరుక్కున్న బిల్డ్ షీటు (ఫ్యాక్టరీలో కారుకి ఏమేం బిగించాలో రాసిన కాగితం), వారంటీ పుస్తకంలోని ప్రొటెక్ట్-ఓ-ప్లేటు (కారు వివరాలు అచ్చొత్తిన రేకు) దొరికితే దొరికినట్టు. ఇక క్రైస్లర్ వాళ్ల 1968 డాడ్జ్ హెమీ డార్ట్ లాంటి నిఖార్సైన రేసు కారు, LO23 అని మొదలయ్యే నంబరుది, ఎదురైతే క్రైస్లర్ ఆర్కైవ్‌కి రాసి లాభం లేదు. వాళ్ల బిల్డ్ రికార్డులు 1967 మోడళ్ల దగ్గరే ఆగిపోతాయి. అక్కడ ఫెండర్ ట్యాగ్ (కోడ్లు కొట్టిన రేకు పలక), బిల్ ఆఫ్ సేల్ చీటీలు, రేకు, ఫొటోలతోనే పని నడవాలి.