మసక అద్దం: యాసిడ్‌తో చేసిందా, ఇసుకతో కొట్టిందా? ఏది మేలు?

నెల్లూరులో ఇల్లు కట్టుకుంటున్న మా బావమరిది స్నానాల గది కిటికీ కోసం ట్రంకు రోడ్డు దుకాణం నుంచి రెండు మసక అద్దం ముక్కలు తెచ్చాడు. ఒకటి యాసిడ్‌తో చేసినది, రెండోది సాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టడం) చేసినది. కంటికి రెండూ ఒకటే. వేలితో తడిమితే మాత్రం యాసిడ్‌ది నునుపు, ఇసుక కొట్టింది గరుకు.

మా ప్రయోగశాల సూక్ష్మదర్శిని కింద, పక్కనుంచి టార్చి వెలుతురు వేసి చూస్తే కారణం తెలిసింది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అద్దంలోని సిలికాను (ఇసుకలో ఉండే పదార్థమే) కరిగిస్తుంది. మసక రావడానికి అమ్మోనియం బైఫ్లోరైడు వంటి లవణం కలిపితే, సన్నని స్ఫటికాలు పైన అంటుకొని తమ కింది అద్దాన్ని కాపాడతాయి, చుట్టూ ఉన్నది కరిగిపోతుంది. అందుకే యాసిడ్ ముక్కలో ఇసకపల్లి ఉప్పు కుప్పల్లాంటి గుండ్రని గుట్టలు కనిపించాయి. ఇసుక కొట్టిన ముక్కలోనైతే గవ్వ లోపలి వంపులాంటి పెచ్చులు, పదునైన అంచులు, సన్నని పగుళ్లు ఉన్నాయి. కొబ్బరినూనె, సబ్బు మురికి చేరేది ఆ పగుళ్లలోనే.

నీటి చుక్క వేస్తే రెండూ అక్కడ పారదర్శకమవుతాయి. గాలి కంటే నీటి వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే కొలత (1.33), అద్దం గుణకానికి (సుమారు 1.52) దగ్గర కాబట్టి కాంతి చెదరడం తగ్గుతుంది. కనుక ఏది కొన్నా మసక వైపు తడి తగలని దిక్కుకు పెట్టించాలి. చాలామంది మేస్త్రీలు ఇది పట్టించుకోరు.

అయితే పూజగది తలుపు మీద వినాయకుణ్ణి లోతుగా చెక్కించాలంటే సాండ్ బ్లాస్టింగే నయం. లోతు పెరిగేకొద్దీ అద్దం బలం తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. గూడూరు వైపు చిల్లకూరు, కోట మండలాల తెల్ల ఇసుక చేరువలోనే దొరుకుతుంది గానీ, సిలికా ధూళి పీల్చే పనివాడికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంది గనుక అల్యూమినియం ఆక్సైడ్ పొడి వాడే దుకాణాన్ని వెతకడం న్యాయం. యాసిడ్ పనిని ఇంట్లో ఎన్నడూ ప్రయత్నించకూడదు. పలుచని ద్రావణం చర్మంపై పడితే మంట వెంటనే తెలియకపోవచ్చు, అయినా అది లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది.

ప్రయోగశాలలో ఫ్లాస్కుపై పెన్సిలుతో రాసుకొనే తెల్లమచ్చకు ఏదైనా సరే. చేతులు తగిలే కిటికీకి మాత్రం నా ఓటు యాసిడ్ అద్దానికే. తలకు నూనె రాసుకొని వచ్చిన బావమరిది బొటనవేలి గుర్తు, రెండుసార్లు కడిగినా, ఇసుక కొట్టిన ముక్క మీద ఇంకా కనిపిస్తోంది.