లె మాన్స్ అల్టిమేటా, అసెట్టో కోర్సా కాంపిటీజియోనేనా?

24 గంటల కారు రేసుల పిచ్చి ఉండి, ఈ రెండు రేసింగ్ వీడియో గేముల్లో ఒక్కటే కొనగలిగితే?

కార్లు: అల్టిమేట్‌లో హైపర్‌కార్లు (అత్యంత వేగమైన రేసు కార్లు), జీటీ3లు (రోడ్డు కార్ల ఆధారంగా చేసిన, నెమ్మదైన రేసు కార్లు) ఒకే ట్రాక్‌పై పరిగెడతాయి. కాంపిటీజియోనేలో ముఖ్యంగా జీటీ3, వాటికంటే నెమ్మదైన జీటీ4 కార్లే.

ట్రాక్: 24 గంటల రేసు జరిగే, ఫ్రాన్స్‌లోని 13.626 కిలోమీటర్ల లె మాన్స్ ట్రాక్ అల్టిమేట్‌ గేమ్‌లోనే ఉంది. బెల్జియంలోని స్పా ట్రాక్ రెండింటిలోనూ ఉంది.

ఖర్చు: కాంపిటీజియోనే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలోనూ ఆడొచ్చు. 2025 జులైలో వచ్చిన అల్టిమేట్ పూర్తి వెర్షన్ మాత్రం కంప్యూటర్‌కే. రెండింటిలోనూ అదనపు ప్యాక్‌లకు విడిగా చెల్లించాలి.

టెన్షన్: అసలు తేడా ఇక్కడే. అల్టిమేట్‌లో జీటీ3 నడిపేవాడు సగం రేసు అద్దంలోనే చూడాలి. వెనక నుంచి హైపర్‌కార్ దూసుకొస్తుంది. హైపర్‌కార్‌వాడికేమో నెమ్మది కార్ల మధ్య సందు వెతుక్కోవడమే పని. ఒక్కసారి తొందరపడ్డా ఇద్దరి రేసూ గోవిందా!

ఇంట్లో కన్సోలే ఉంటే, లేదా ఒకే వేగం కార్లతో పోటీ నేర్చుకోవాలంటే కాంపిటీజియోనే. మంచి కంప్యూటర్, గేమ్ ఆడే స్టీరింగ్ చక్రం ఉండి, లె మాన్స్ రాత్రే కావాలంటే అల్టిమేట్.