పీయూ కార్నిస్ అని చెప్పి థర్మోకోల్ అంటగట్టారు: కొనేముందు ఒక్కసారి చదవండి

సీలింగ్ అంచుకు క్రౌన్ మౌల్డింగ్ (కార్నిస్ అన్నా ఇదే, గోడా సీలింగూ కలిసే చోట అతికించే డిజైన్ పట్టీ) పెట్టించుకోవాలనుకుంటున్నవాళ్లు, అందులోనూ ఇంకా అడ్వాన్స్ ఇవ్వనివాళ్లు, దయచేసి రెండు నిమిషాలు ఆగండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

హాలుకీ రెండు బెడ్‌రూములకీ కార్నిస్ కావాలని ఒక షాపుకి వెళ్లాం. అక్కడ మా చేతికిచ్చిన శాంపిల్ పీయూ, అంటే పాలీయురేథేన్ అనే గట్టి ఫోమ్. పట్టుకుంటే బరువు తెలిసింది. గోరుతో నొక్కితే దిగలేదు. ఆకుల డిజైన్ అంచులు చెక్క మీద చెక్కినట్టు తేటగా ఉన్నాయి. అదే ఖాయం చేశాం.

సరుకు వచ్చినప్పుడు డిజైన్ అదే, వెడల్పూ అదే. పైన తెల్లటి కోటింగ్, ఒక్కో ముక్కకూ ప్లాస్టిక్ కవరు. కానీ ఎత్తిన వెంటనే మా ఆవిడ, "ఇదేంటండీ, ఇంత తేలిగ్గా ఉంది?" అంది. ఫోన్ చేసి అడిగితే, "కొత్త లాట్ అండీ, సీలింగ్‌కి బరువు పడకుండా ఇలా చేస్తున్నారు" అన్నారు. నమ్మేశాం. ఆ పూట శాంపిల్ తెప్పించి పక్కన పెట్టి చూసుంటే సరిపోయేది.

హాలు, ఒక బెడ్‌రూము పూర్తయ్యేదాకా ఏమీ బయటపడలేదు, ఎందుకంటే అక్కడ వాడింది నీటితో కలిసే గమ్. రెండో బెడ్‌రూముకొచ్చేసరికి అది అయిపోయింది. కార్పెంటర్ తన దగ్గరున్న ఘాటు వాసన రబ్బరు గమ్ పూశాడు. కాసేపటికి ముక్క వెనక భాగం గుంటలు పడి కరిగిపోయింది. ఆయన దాన్ని రంపంతో కోసి చూపించాడు: పైన గట్టి పూత, లోపలంతా తెల్లటి పూసలు. పాకింగ్ డబ్బాల్లో వచ్చే థర్మోకోలే.

అమ్మినవాళ్లను అడిగితే ఒకటే మాట: "బిల్లులో పీయూ అని ఎక్కడుంది?" నిజంగానే లేదు. 'డెకరేటివ్ కార్నిస్' అని, డిజైన్ నంబరు, ఎన్ని అడుగులో, అంతే. కోసిన సరుకు వాపసు తీసుకోబోమన్నారు.

థర్మోకోల్ కార్నిస్ అసలు కొనకూడదని నేను అనను. తేలికగా ఉంటుంది, అతికించడం సులువు, చేతులు తగలని ఎత్తులో చాలా ఇళ్లలో బాగానే ఉంటుంది. థర్మోకోల్ అని చెప్పి, థర్మోకోల్ ధరకు అమ్మాలి. మాకు చేసింది మోసం. రెండింటికీ తేడా చిన్నది కాదు: మామూలు థర్మోకోల్ ఘనమీటరు 15 నుంచి 30 కిలోలు తూగితే, మంచి పీయూ మౌల్డింగ్ 200 కిలోల పైనే ఉంటుంది. పైగా థర్మోకోల్ తయారయ్యే పాలీస్టైరిన్ ప్లాస్టిక్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొస్తే మెత్తబడిపోతుంది. మేము దాని వెనక లైట్లు పెట్టాలనుకున్నాం. ఇప్పుడు ఆ ఆలోచన మానుకున్నాం. నిప్పు తగిలితే పీయూ కూడా అంటుకుంటుంది కాబట్టి, వేడెక్కే లైట్ల పక్కన ఏ ఫోమ్ పెట్టాలన్నా ముందు అడిగి తెలుసుకోండి.

సరుకు దిగగానే, డబ్బు పూర్తిగా ఇవ్వకముందే, ఒక ముక్క చివర రెండంగుళాలు కోయించండి. కోసిన చోట పూసలు పూసలుగా కనిపిస్తే అది థర్మోకోల్. అయితే పూసలు లేకుండా నున్నగా ఉండే పాలీస్టైరిన్ రకం కూడా ఉంది, కాబట్టి కంటిచూపుతో ఆగొద్దు. కోసిన చోట ఒక చుక్క అసిటోన్ (గోళ్ల రంగు తుడవడానికి వాడే ద్రావకం) వేయండి. పాలీస్టైరిన్ అయితే కళ్ల ముందే కరిగి గుంట పడుతుంది. పీయూ అలా కరగదు. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయండి. పైన పూత మీద వేస్తే ఏమీ తెలియదు, లోపలి ఫోమ్ మీదే వేయాలి.

ఇంకొకటి, శాంపిల్ ముక్క వెనక అమ్మినవాళ్ల సంతకం, తేదీ వేయించి మీ దగ్గరే ఉంచుకోండి. బిల్లులో మెటీరియల్ పేరు, ఒక్కో ముక్క పొడవు, బరువు రాయించండి. రాయడానికి వెనకాడితే అక్కడ కొనొద్దు.

మూలల్లో కోతకు వృథా పోతుంది కాబట్టి కొలతకు పది శాతం ఎక్కువే తీసుకోండి, అదీ ఒకే లాట్‌లో. మాకు తర్వాత తెప్పించిన నాలుగు ముక్కల్లో డిజైన్ వెంట్రుకవాసి తేడా వచ్చి, జాయింట్ దగ్గర ఆకు సగానికి తెగినట్టు కనిపిస్తోంది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే బోర్డు) కార్నిస్ చూస్తున్నవాళ్లు చెమ్మ ఉన్న గోడకు మాత్రం పెట్టొద్దు, ఉబ్బిపోతుంది.

ఇప్పటికే థర్మోకోల్ వేయించేసినవాళ్లు ఉంటే, పెయింటర్‌తో ముందే చెప్పండి: నీటి ఆధారిత రంగు మాత్రమే, థిన్నర్ కలిపే ఆయిల్ పెయింట్ దాని దగ్గరికి రానివ్వద్దు. మా హాల్లో పూత పగిలిన ఒక మూల దగ్గర థిన్నర్ గుడ్డతో తుడిచారు. అరచేతి మేర డిజైన్ లేకుండా పోయింది. పీకేద్దామంటే గమ్‌తో పాటు పుట్టీ కూడా పెచ్చులుగా ఊడి వస్తోంది.