పన్నెండు సూదుల మిషన్‌తో ఆరేళ్లు

నల్గొండ ప్రకాశం బజార్ దగ్గర మాది చిన్న కంప్యూటర్ వర్క్ షాపు, అంటే కంప్యూటర్ మిషన్‌తో జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ కుట్టే షాపు. పన్నెండు సూదుల సింగిల్ హెడ్ (ఒకే కుట్టు తల ఉన్న) మిషన్ కొని ఆరేళ్లు దాటింది. అమ్మేటప్పుడు నిమిషానికి వెయ్యి కుట్లు అన్నారు. నేను 750 దాటనివ్వను, జరీ అయితే 550కి దించుతాను. వేగంగా నడిపి గంటకు పదిసార్లు దారం ఎక్కించుకుంటూ కూర్చుంటే మిగిలేదేముంది?

పొద్దున షాపు తీయగానే బాబిన్ కేస్ (కింది తెల్ల దారం చుట్ట ఉండే డబ్బీ) బయటికి తీసి, బ్రష్‌తో నూగు ఊడ్చి, హుక్ (సూది దారాన్ని మొనతో పట్టి కింది దారంతో కలిపే భాగం) తిరిగే గాడిలో ఒక్క చుక్క తెల్ల మిషన్ నూనె వేస్తాను. అన్నం తిన్నాక ఇంకో చుక్క. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ మూడేసి చుక్కలు వేసి, ఒకావిడ క్రీమ్ కలర్ రా సిల్క్ జాకెట్టు మీద మరక చేశాను. బట్ట డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. అప్పటినుంచి నూనె వేశాక చిత్తు గుడ్డ మీద రెండు నిమిషాలు నడిపిస్తేగానీ ఫ్రేములో గిరాకీ బట్ట పెట్టను. గాలి మిషన్‌తో ఊదడమూ మానేశాను. నూగు బయటికి పోకపోగా దారం కత్తిరించే కత్తుల సందుల్లోకి ఇంకా లోపలికి పోతుంది.

రెండేళ్ల కింద మాఘమాసం, చేతి నిండా పెళ్లి జాకెట్లు. గద్వాల చీర మీదికి నెమలి కుడుతుంటే పదిహేను ఇరవై కుట్లకోసారి దారం తెగుతోంది. కోను మార్చాను, సూది మార్చాను, టెన్షన్ (దారం బిగువు) బిగించాను, వదులు చేశాను. మెకానిక్ హైదరాబాద్ నుంచి రావాలి, రెండు రోజులు ఆగమన్నాడు. ఫోన్లోనే అడిగాడు: "అక్కా, ఈ మధ్య సూది ఏమన్న విరిగిందా?" మూడు రోజుల కింద విరిగింది. "అయితే హుక్ మొన మీద గోరు పెట్టి రాసి చూడున్రి." రాశాను. కంటికి ఏమీ లేదు, గోరు మాత్రం సన్నగా తట్టుకుంది. విరిగిన సూది కొట్టిన గీత అది, దారం పోయినప్పుడల్లా దాన్ని కోస్తోంది. 1500 నంబరు ఎమెరీ కాగితం పుల్లకు చుట్టి, మొన అరిగిపోకుండా గీత మీదే మెల్లగా రుద్ది, తుడిచి, నూనె వేశాను. నెమలి తోకదాకా ఒక్కసారి కూడా తెగలేదు. ఇప్పుడు సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా, హుక్ తడిమి చూసేదాకా స్టార్ట్ బటన్ ముట్టను.

బాబిన్ టెన్షన్‌కు మీటర్లేమీ అక్కర్లేదు. సాటిన్ కుట్టును తిరగేసి చూస్తే నడుమ మూడో వంతు తెల్ల దారం, అటూ ఇటూ రంగు కనిపించాలి. తెల్లది మరీ ఎక్కువైతే ముందు స్క్రూ తిప్పకండి. కేస్ మీది రేకు కింద విజిటింగ్ కార్డు మూల దూర్చి లాగండి, చిన్న నూగు ముక్క వస్తుంది. మా దగ్గర సగం సార్లు జబ్బు అదే. బాగా వాడే రంగుల సూదులు వారానికోసారి మారుస్తాను, సూది ధర ఎంతని!

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి పెద్ద సర్వీసు అప్పుడే. కవర్లు విప్పి, పట్టాల మీది పాత గ్రీజు తుడిచి కొత్తది పట్టించడం నేనే చేసుకుంటాను. హుక్ టైమింగ్ (సూది, హుక్ మొన సరిగ్గా కలిసేలా కుదర్చడం) మాత్రం మెకానిక్‌కే వదిలేస్తాను. సూదికి, హుక్ మొనకు మధ్య మిల్లీమీటరులో పదో వంతు లెక్క అది, నా చేయి అంత నిలకడ కాదు.

ఇక తిట్టాల్సినవి. దారం కత్తిరించే కత్తులు ఆరేళ్లలో మూడు జతలు పోయాయి. మొద్దుబారితే కుట్టు కుట్టుకూ తోకలు మిగిలి, కత్తెర పట్టుకుని కూర్చోవాలి. వెనక నూనె రంధ్రాలు కవరు విప్పితేగానీ అందవు. కరెంటు ఎగుడుదిగుడుకు ఒకసారి బోర్డు పోయింది, అది మిషన్ తప్పు కాదు, ఎర్తింగ్ లేని గదిలో పెట్టిన నా తప్పు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను. స్టెబిలైజరు, ఎర్తింగ్ ముందు పెట్టించి, రెండు జతల కత్తులు డబ్బాతోపాటే అడిగి తీసుకుంటాను.