పంచదార బదులు బెల్లం: మూడేళ్ల వాడకంలో తేలింది

మూడేళ్లుగా మా వంటింట్లో పంచదార పడే చోటల్లా బెల్లం వేసి చూస్తున్నాం. టీ, పరమాన్నం, కేకు, బిస్కెట్లు, నిమ్మరసం, పాకం పట్టే పిండివంటలు, ఏదీ వదల్లేదు. బెల్లాన్ని రంగు మారిన పంచదార అనుకుని వేస్తే సగం వంటలు చెడతాయి. పంచదార దాదాపు పూర్తిగా సుక్రోజే. బెల్లంలో దానితో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు, కొంత తేమ, చెరకు రసంలోని లవణాలు, ఒక పిసరు పులుపు కూడా ఉంటాయి. వంటలో కనబడే తేడాలన్నీ ఈ అదనపు సరుకు తెచ్చేవే.

ముందు కొలత సంగతి. కప్పు పంచదార 200 గ్రాములు తూగుతుంది. అదే కప్పుతో బెల్లం పొడి 150 గ్రాముల దగ్గర ఆగుతుంది, నొక్కి పోస్తే ఇంకొంచెం. కప్పుకు కప్పు వేసి తీపి చాలలేదనుకోవడం ఇందువల్లే. త్రాసు కొనుక్కోండి. 100 గ్రాముల పంచదారకు 110 గ్రాముల బెల్లం వేస్తే తీపి సరిపోతుంది. ఉప్పు మాత్రం సగానికి తగ్గించాలి, కొన్ని బెల్లాలకు సొంతంగానే ఉప్పదనం ఉంటుంది. కొనేముందు చిన్న పలుకు నోట్లో వేసుకుని చూడటం మన పెద్దవాళ్ల అలవాటు. అది ఊరికే పెట్టుకున్న అలవాటు కాదు.

ఎక్కువ మందిని భయపెట్టేది పాలు విరగడం. మరుగుతున్న పాలలో బెల్లం పడితే దాని పులుపు, లవణాలు, వేడి మూడూ కలిసి పాలలోని ప్రొటీనును గడ్డ కట్టిస్తాయి. పరమాన్నానికి 100 గ్రాముల బియ్యం, లీటరు పాలు, 180 గ్రాముల బెల్లం లెక్క. మెతుకు వేళ్ల మధ్య నలిపితే వెన్నలా అణిగేదాకా బియ్యం పాలలోనే ఉడకాలి. బెల్లం పడ్డాక బియ్యం ఇక మెత్తబడదు, పప్పూ అంతే. పొయ్యి కట్టేసి పది నిమిషాలు ఆగండి. ఈలోగా బెల్లాన్ని 50 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, వడకట్టి, వేలు పెట్టగలిగే వేడికి రానివ్వండి. తర్వాత సన్నటి ధారగా పోస్తూ కలపాలి. మళ్లీ పొయ్యెక్కించకూడదు. మిగిలిన పరమాన్నం వేడి కావాలంటే గిన్నెను వేడినీళ్లలో ఉంచడం మేలు, నేరుగా మరిగిస్తే అప్పుడైనా విరుగుతుంది. టీకీ ఇదే పద్ధతి: పాలు, డికాక్షన్ మరిగాక దించి, నిమిషం ఆగి, గ్లాసులో ఉన్న బెల్లం పొడి మీద పోయాలి. చిటికెడు వంటసోడా వేస్తే విరగదని కొందరు వేస్తారు. నిజమే, విరగదు. కానీ సబ్బు రుచి వస్తుంది, మేం మానేశాం.

కేకు దగ్గర కాస్త ఆగాలి. వెన్న, పంచదార కలిపి గిలకొట్టేటప్పుడు పంచదార పలుకుల అంచులు వెన్నలోకి గాలిని తోస్తాయి. ఆ గాలి బుడగలే తర్వాత ఓవెన్‌లో పెరిగి కేకును పొంగిస్తాయి. తేమగా ఉండే బెల్లం పొడికి ఆ పదునైన పలుకు లేదు. ఎంత గిలకొట్టినా వెన్న గుల్లబారదు, కేకు ఇటుకలా దిగుతుంది. కాబట్టి వెన్న గిలకొట్టే వంటకంలో బెల్లం పెట్టి సరిదిద్దుకోవడం కంటే, నూనె, పెరుగు, సోడాతో పొంగే వంటకాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

ఆరంగుళాల గుండ్రని డబ్బాకు మాకు కుదిరిన లెక్క ఇది. గోధుమపిండి 150 గ్రాములు, బెల్లం 130 గ్రాములు, పుల్లగా లేని చిక్కటి పెరుగు 150 గ్రాములు, నూనె 70 మిల్లీలీటర్లు, నీళ్లు 60 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంటసోడా పావు టీస్పూను, యాలకుల పొడి. బెల్లాన్ని ఆ నీళ్లలోనే కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి, పూర్తిగా చల్లార్చాలి. ఇసుక, చెరకు పీచు గుడ్డలో మిగులుతాయి. వేడిగా పోస్తే సోడా గిన్నెలోనే పొంగి, ఓవెన్‌కు చేరేసరికి నీరసపడుతుంది. జల్లించిన పొడి సరుకులో పెరుగు, నూనె, బెల్లం నీళ్లు పోసి, పిండి కనబడకుండా పోగానే గరిటె ఆపేయాలి. ఓవెన్ 180 డిగ్రీల మీద కాకుండా 165 నుంచి 170 మధ్య ఉండాలి. బెల్లంలోని గ్లూకోజు, ఫ్రక్టోజు పంచదార కంటే త్వరగా ఎర్రబడతాయి. వేడి ఎక్కువైతే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగులుతుంది. 35 నుంచి 40 నిమిషాలు పడుతుంది, మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. మధ్య భాగం కుంగిందంటే ఎక్కువసార్లు కారణం బెల్లం తేమే. తడిగా ఉన్న బెల్లమైతే నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్లు తగ్గించండి. ఈ కేకు మొదటి రోజు కంటే రెండో రోజు మెత్తగా ఉంటుంది. పంచదార కేకు ఆ పాటికి ఆరడం మొదలుపెడుతుంది.

కేకుకు మేలు చేసిన ఆ తేమే బిస్కెట్‌కు శత్రువు. పూర్తి బెల్లంతో చేసినవి డబ్బాలో రెండోరోజుకే మెత్తబడ్డాయి. సగం బెల్లం, సగం పంచదార వేస్తే కరకర నిలుస్తుంది. గుడ్డు తెల్లసొన గిలకొట్టి చేసేవాటికి, క్యారమెల్ పుడ్డింగుకు బెల్లం పనికిరాదు. క్యారమెల్ రంగు వచ్చేలోపే చేదెక్కుతుంది.

పాకం విషయంలో బెల్లమే అసలుది. అరిసెలకు, బందరు లడ్డుకు దాన్ని ప్రత్యామ్నాయం అనడమే తప్పు. పంచదార పాకం గడ్డకట్టి పలుకులు తేలకుండా నిమ్మరసం పిండుతాం. పులుపు సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడగొడుతుంది, అవి పలుకు కట్టనివ్వవు. బెల్లంలో అవి ముందే ఉన్నాయి కనుక నిమ్మరసం అక్కర్లేదు, పిండితే పాకం జిగటబారుతుంది. అరిసెలకు నీళ్లలో వేసిన చుక్క మెత్తని ఉండ కట్టాలి, థర్మామీటరు ఉంటే 115 డిగ్రీల దగ్గర. పల్లీ చిక్కీకి ఆ చుక్క పటుక్కున విరగాలి, పంటికి అతుక్కుంటే ఇంకా ముదరాలి. ముదరడానికీ మాడడానికీ మధ్య వ్యవధి చాలా తక్కువ, అందుకే మందపాటి మూకుడు, సన్నని సెగ. సున్నుండలకు పొడి కొనక్కర్లేదు, తురిమిన బెల్లాన్ని మినప్పిండితో కలిపి మిక్సీలో తిప్పితే బ్లేడుకు అంటుకోదు. బెల్లం జిగురు వల్ల నెయ్యి కూడా తక్కువ పడుతుంది.

ఏది కొనాలి? మెరిసే పసుపు రంగు చూసి మోసపోవద్దు. రంగు తేలడానికి చెరకు రసం కాచేటప్పుడు హైడ్రోస్ అనే రంగు విరిచే రసాయనం కలిపే అలవాటు చాలాచోట్ల ఉంది. అనకాపల్లి, కామారెడ్డి, చిత్తూరు వైపు నుంచి వచ్చే దిమ్మల్లో ముదురు రంగువే మేం ఎంచుకుంటాం, రుచి లోతుగా ఉంటుంది. ప్యాకెట్ పొడి టీకి, నిమ్మరసానికి సుఖం. పాకానికి మాత్రం దిమ్మ బెల్లమే మంచిది.

అమెరికాలో ఉండేవాళ్లు బెల్లం దొరకని చోట బ్రౌన్ షుగర్ వాడుతుంటారు. అది పంచదారకు కాస్త మొలాసిస్, అంటే పంచదార తయారీలో మిగిలే నల్లటి మడ్డి, పట్టించినది. కేకులో పర్వాలేదు, అరిసెల పాకంలో పంచదారలాగే పలుకు కడుతుంది. మెక్సికన్ దుకాణాల్లో అచ్చులుగా దొరికే పిలోన్సీయో శుద్ధి చేయని చెరకు బెల్లమే, అది తీసుకోండి.

షుగర్ ఉన్నవారికి బెల్లం మంచిదన్న మాట దయచేసి నమ్మకండి. కెలోరీలు దాదాపు సమానం, రక్తంలో చక్కెరను ఇదీ పెంచుతుంది. రుచి కోసం వాడండి, మందుగా కాదు.

వానాకాలంలో దిమ్మ చెమర్చి కారుతుంది. కొన్న రోజే చితక్కొట్టి, గాలి చొరబడని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాలి. పుల్లటి వాసన వస్తే అది పులవడం మొదలైనట్టు, పాలలోకి అసలు పనికిరాదు. అప్పుడే కనిపెడితే చింతపండు పులుసులోకి పోతుంది.